బావకిచ్చి వెనక్కి తీసుకోని అనుమతి

అక్క భర్తా, నేనూ ఒకే ఆఫీసులో పని చేసేవాళ్లం. ఖరగ్‌పూర్‌లో మలంచా రోడ్డు మీద, ఒక మందుల షాపు పైన రెండు గదులు. చుట్టుపక్కల ఫ్యాక్టరీలకీ, కాలనీలకీ ప్రమాద హెచ్చరికలు పంపే సాఫ్ట్‌వేర్ నడపడం మా పని. గ్యాస్ లీకైనా, తుఫాను వస్తున్నా, మేం బటన్ నొక్కితే ఊళ్లో ఫోన్లన్నీ ఒక్కసారే మోగుతాయి. ఎత్తితే బెంగాలీలోనో, హిందీలోనో, తెలుగులోనో రికార్డు చేసిన మాట వినిపిస్తుంది. తెలుగు గొంతు బావది. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో చదువు రాని పెద్దవాళ్లకి మన యాసలోనే చెప్పాలని పట్టుబట్టి ఆయనే రికార్డు చేశాడు.

ఎవరికి ఏ అనుమతి ఉండాలో చూసేది నేను. బావ హెచ్చరిక తయారు చేయగలడు గానీ పంపలేడు. ఆయన నొక్కాక ఇంకొకరు చూసి సరేనంటేనే అది బయటికి వెళ్తుంది.

ఒకసారి తుఫాను వస్తోందన్నారు. సరేననవలసిన ఇద్దరిలో ఒకరు జ్వరంతో పడ్డారు. రెండోవాణ్ణి నేను. పెళ్లికని రైల్లో ఉన్నాను, సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. బావ ఫోన్ చేశాడు.

“నీ కోసం సూసుకుంటా కూకుంటే గాలి ఊళ్లోకొచ్చీస్తాదిరా. ఈ రెండ్రోజులూ నాకు పూర్తి పర్మిషనిచ్చీ.”

ఫోన్లోంచే ఇచ్చాను. ఎప్పటివరకు అని అడిగే గడి ఉంది, ఖాళీగా వదిలేశాను. తుఫాను ఒడిశా వైపు మళ్లిపోయింది. నేను పెళ్లి చూసుకుని వచ్చి వేరే పనుల్లో పడ్డాను. ఇచ్చింది వెనక్కి తీసుకోవాలన్న సంగతే గుర్తు రాలేదు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం, ఫ్యాక్టరీ సిబ్బంది కొందరికి గ్యాస్ లీకు హెచ్చరిక పంపి చూడాల్సిన డ్రిల్లు. ఎవరికి వెళ్లాలో ఎంచుకునేటప్పుడు బావ వేలు సిబ్బంది జాబితా మీద కాకుండా, కిందున్న కాలనీలన్నిటి జాబితా మీద పడింది. తను నొక్కినా నేను చూస్తాను కదా అన్న ధీమాతో ‘పంపు’ నొక్కి టీ గ్లాసు అందుకున్నాడు. నా దగ్గర ఆగవలసింది ఆగలేదు. కింద మందుల షాపులో ఫోన్లన్నీ మోగాయి.

“నువ్వు సూడకుండా ఎలాగెల్లిపోనాదిరా?” అన్నాడు బావ. నాకు అప్పుడు గుర్తొచ్చింది.

అది పొరపాటు, ఎవరూ కదలొద్దు అని మళ్లీ రికార్డు చేసి పంపేసరికి కొన్ని నిమిషాలు పట్టింది. ఈలోగా ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో, పెద్దకొడుకు క్వార్టర్‌లో ఉండే బావ వాళ్లమ్మ ఫోనెత్తింది. మోకాళ్ల నొప్పులతో గోడ పట్టుకుని నడిచే మనిషి. ఇంట్లో ఇంకెవరూ లేరు. పొయ్యి ఆర్పి, చేతికర్ర కూడా తీసుకోకుండా బయల్దేరింది. గుమ్మం మెట్ల మీద పడింది. తుంటి ఎముక విరిగింది.

ఆసుపత్రిలో బావ ఆమె చెయ్యి పట్టుకుని, “ఒక్కదానివే ఎందుకు దిగినావమ్మా? పక్కోల్ని కేకెయ్యలేకపోనావా?” అన్నాడు.

“నీ గొంతే కదరా,” అంది అత్త. “ఎంటనే బయటికొచ్చీమన్నావు. వొచ్చీసినాను.”

మర్నాడు మా మేనేజర్ దీదీ ఎవరు ఏం చేశారో చూపించే రికార్డు తెరిచారు. పంపినచోట బావ పేరుంది. అనుమతి ఇచ్చినచోట నా పేరుంది. “ఇది మీరేనా?” అని బెంగాలీలో అడిగారు. నేనేనన్నాను. బావ తల తిప్పి నా వైపు చూశాడు. సాయంత్రం ఆసుపత్రి వరండాలో అడిగాడు.

“అది ఇంకా నా దగ్గరున్నాదని ఒక్క మాట సెప్పుంటే, ఒకటికి రెండుసార్లు సూసుకుందును కదరా.”

“మర్సిపోయినాను బావా.”

“నాను అడక్కుండా ఉండాల్సింది,” అన్నాడు.

అత్త మళ్లీ లేవలేదు. మంచంలోనే ఒళ్లు పుళ్లు పడి, రెండు నెలలకి పోయింది. దినాలయ్యాక బావ ఉద్యోగం మానేశాడు. ఆయన పేరు మీదున్న అనుమతులన్నీ ఆ గంటలోనే తీసేశాను. ఈసారి ఏదీ మరిచిపోలేదు. “నా గొంతు కూడా తీసీ,” అన్నాడు. తీసేసే ముందు ఒక్కసారి విందామనుకున్నాను. సగం వరకే వినగలిగాను.

ఇప్పుడు గడువు రాయకపోతే మా సాఫ్ట్‌వేర్ ఎవరికీ అనుమతి ఇవ్వదు. గడువు తీరగానే తనే తీసేస్తుంది. ఆ మార్పు చేయడానికి నాకు ఒక్క పూట పట్టింది. ఒక్క పూట పనని తెలిశాక చాలా రోజులు నిద్ర లేదు.

అక్క నన్ను తిట్టలేదు. “వొస్తే రా గానీ, ఆ ఆఫీసు మాట మాత్రం ఎత్తకు,” అంది. బావ ప్రేమ్ బజార్‌లో ఒక జిరాక్స్ షాపులో చేరాడు. మొన్న అటు వెళ్తే స్టూలు జరిపి, “అన్నం తిన్నావా?” అని అడిగాడు. తినకపోయినా తిన్నానన్నాను. ఆయన క్యారేజీలోది పంచుకుని తినే ధైర్యం నాకింకా రాలేదు.