గిద్దెడు ఆముదం, మానికెడు పెట్రోలు

ఆ ఏడాది ఎండాకాలం నుంచీ మా ఇంట్లో ఎవరికీ కాలు నిలవలేదు. నాన్నా బావగారూ గుంటూరులో పెళ్ళికని వెళ్ళి అక్కడే చిక్కుపడిపోయారు. హైదరాబాదు సంస్థానానికీ బయటి దేశానికీ మధ్య దారులు ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి. సరుకులు రావడం లేదు. ఉత్తరాలు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. బోయిగూడ ఇంట్లో అమ్మ, అన్నయ్య, నేను మిగిలాం. అక్క బొలారంలో ఉంది. ఆమెకు నెలలు నిండుతున్నాయి. మంచం పట్టిన అత్తగారిని వదిలి పుట్టింటికి రాలేనంది. పెట్రోలు కరువై బొలారం బస్సు ఏ రోజు వస్తుందో ఎవరికీ తెలియని కాలం అది.

అన్నయ్య దగ్గర ఒక చిన్న స్కూటరు ఉండేది. ప్రపంచ యుద్ధం ముగిశాక కంటోన్మెంటులో మిలిటరీ వాళ్ళు వేలం వేసిన సామానులో కొన్నాడు. చక్రాలు తోపుడుబండి చక్రాలంత. కొంతదూరం నెట్టుకుంటూ పరిగెత్తి ఎక్కితేగాని అంటుకునేది కాదు. దానికి పెట్రోలులోనే ఇంజను నూనె కలిపి పోయాలి. వేరే నూనె తొట్టి లేదు. పదహారు పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు నూనె అని టాంకీ మీద రాసి ఉండేది.

మానికకు పదహారు గిద్దలు కదా, అమ్మ తన పెళ్ళినాటి కొలపాత్రలు ఇచ్చింది. మానికెడు పెట్రోలులో గిద్దెడు నూనె. లెక్క అంతటితో తీరిపోయేదే. కానీ బొంబాయి నుంచి వచ్చే ఇంజను నూనె డబ్బాలు ఆగిపోయాయి. ఊళ్ళో దొరికే నూనె ఆముదం ఒక్కటే.

"విమానాలకే ఆముదం పోసేవారట, దీనికెంత?" అన్నాడు అన్నయ్య.

మొదటిరోజు అది కక్కిన పొగకు వీధిలో వాళ్ళు తలుపులు వేసుకున్నారు. సందు చివరికి వెళ్ళేసరికి ప్లగ్గు మసిపట్టి ఆగిపోయింది. తుడిచి పెడితే మళ్ళీ కదిలింది, మళ్ళీ ఆగింది. నూనె ఎక్కువైందని అన్నయ్యకు తోచింది. సగానికి తగ్గించాడు. పొగ పోయింది, బండి ఈల వేసుకుంటూ ఉరికింది. ఆ సంతోషంలో నన్ను వెనక చెక్కమీద కూర్చోబెట్టుకుని అక్కను చూడటానికి బయలుదేరాడు.

తిరుమలగిరి దాటాక ఇంజను ఒక్కసారి కీచుమంది. వెనక చక్రం బిగుసుకుపోయి బండి అడ్డంగా జారింది. నా మోచెయ్యి చీరుకుపోయింది. ఇంజను ముట్టుకోబోతే చెయ్యి కాలింది. ఎండలో ఇద్దరం దాన్ని ఇంటిదాకా నెట్టుకొచ్చాం. ఇంటికొచ్చాక అన్నయ్య అన్నం పళ్ళెం ముందునుంచి రెండుసార్లు లేచి వెళ్ళి బండిని చూసొచ్చాడు.

మర్నాడు బన్సీలాల్‌పేటలో మెకానిక్కు చాచా దగ్గరికి తీసుకెళ్ళాం. మిలిటరీ వర్క్‌షాపులో చాలాకాలం పనిచేసి, తన ఇంటి ముందరి గదిలో దుకాణం పెట్టుకున్న పెద్దమనిషి. ఇంజను విప్పి పిస్టన్ చూపించాడు. దాని మీద నిలువుగా గీతలు పడ్డాయి.

"నూనె తగ్గించినవా?"

"పొగ వస్తోంది చాచా. ప్లగ్గు మసిపట్టి ఆగిపోతోంది."

"పొగొస్తే రానీ. ప్లగ్గు తుడుసుకోవచ్చు బేటా. పిస్టన్ యాడికెల్లి తెస్తవ్ ఈ రోజులల్ల?"

తగ్గించడమొక్కటే తప్పు కాదన్నాడు. ఒక సీసాలో పెట్రోలు పోసి, ఆముదం కలిపి గూట్లో పెట్టాడు. మేం మాట్లాడుతుండగానే ఆముదం అడుగుకు దిగి జిగురులా కూర్చుంది. మరో సీసాలో ముందు ఇప్పసారా పోసి, అందులో ఆముదం కలిపి, ఆ తర్వాత పెట్రోలు పోశాడు. అది కలిసిపోయింది.

"ఆముదం పెట్రోల్‌తోని సక్కగ దోస్తీ చెయ్యది. సారా నడుమల ఉండాలె. రాసిన లెక్కకు తక్కువ పొయ్యకు. టాంకీల పోసే ముంగట జెర ఊపు."

పిస్టన్ గీతలు తన చేత్తోనే సానపెట్టి, బండిని మళ్ళీ కదిలించాడు. ఆ పని అయ్యేదాకా దుకాణం ముందు అన్నయ్య పచార్లు చేస్తుంటే విసుక్కున్నాడు. "కూసో బేటా. నువ్వు తిరుగుతె ఇనుము జల్ది సల్లారదు."

రోజూ దేవుడి వాక్యం చదువుకునే క్రైస్తవులం మేము. సారా సీసా గడప దాటి లోపలికి రాకూడదంది అమ్మ. దాన్ని పెరట్లో గోడవారన పెట్టి, ఎవరైనా చూస్తారేమోనని గోనెపట్టా కప్పేది. మళ్ళీ తనే వచ్చి, అన్నయ్య గిద్ద నిండా పోశాడో లేదో చూసేది.

సెప్టెంబరులో ఇండియా సైన్యం సంస్థానంలోకి వచ్చింది. పోలీసు చర్య అన్నారు. ఆ కొద్దిరోజులూ తలుపులు వేసుకుని ఇంట్లోనే ఉన్నాం. తలమీద విమానం చప్పుడు వినబడితే అమ్మ ప్రార్థన మొదలుపెట్టేది, అన్నయ్య దాన్ని చూడటానికి పెరట్లోకి పరిగెత్తేవాడు. సర్కారు లొంగిపోయిందని రేడియోలో చెప్పారన్న మాట వీధిలో వినగానే అతను మానికా గిద్దా తీశాడు.

రోడ్డు పొడుగునా మిలిటరీ లారీలు. పొగ కక్కుకుంటూ పోతున్న మమ్మల్ని చూసి లారీ మీది సిపాయిలు నవ్వుతూ ఏదో అరిచారు. నాకు భయం వేసి అన్నయ్య చొక్కా గట్టిగా పట్టుకున్నాను. బండి దారిలో రెండుసార్లు ఆగింది. ప్లగ్గు తుడిచి ఎక్కిస్తే మళ్ళీ సాగింది. తిరుమలగిరి దాటింది, బొలారం చేరింది.

అక్క అప్పటికే ఆడపిల్లను కని, గోడకానుకుని కూర్చుని ఉంది. పక్కింటావిడ పురుడు పోసిందట. మమ్మల్ని చూడగానే ఏడవబోయి ముక్కు మూసుకుంది.

"ఏమిట్రా ఈ ఆముదం కంపు! బాలింతను నేనా, నువ్వా?"

అన్నయ్య పిల్లను చేతుల్లోకి తీసుకోలేదు. చేతులకు మసి ఉందని దూరంనుంచే చూశాడు. అమ్మకు చెప్పాలని గుక్కెడు నీళ్ళు తాగి వెంటనే లేచాడు.

బండి నడిచిందని చాచాకు చెప్పాలని మర్నాడే వెళ్ళాడు. దుకాణం మూసి ఉంది. ఆ తర్వాత రోజూ వెళ్ళాడు. లోపల మనుషుల అలికిడి ఉంది, తలుపు మాత్రం తీయడం లేదు. మొన్నమొన్నటి వరకూ రజాకార్లు వస్తారని మా వీధి భయపడేది. ఇప్పుడు రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముసల్మానులు కూడా తమను పట్టుకుపోతారని తలుపులు బిగించుకున్నారు. జిల్లాల నుంచి వస్తున్న కబుర్లు అలా ఉన్నాయి.

"మగవాడు తలుపు కొడితే తీయరు. నువ్వు రా," అన్నాడు అన్నయ్య నాతో.

తలుపు దగ్గర నిలబడి నేనే పిలిచాను. "చాచీ, బోయిగూడ నుంచి వచ్చాం. మా అక్కకు ఆడపిల్ల పుట్టింది. ఆ మాట చెప్పి పోదామని."

చాలాసేపటికి గడియ కదిలింది. చాచా గడ్డం మాసి, మనిషి సగమైపోయాడు.

"బండి ఆగిందా యాడనన్న?"

"రెండుసార్లు. ప్లగ్గు తుడిస్తే సరిపోయింది."

"పిస్టన్?"

"బాగుంది చాచా."

అతను తలూపి, సందు రెండు వైపులా చూసి, మమ్మల్ని లోపలికి రమ్మన్నాడు. చాచీ నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళింది. గిన్నెలన్నీ దుప్పట్లలో మూటలు కట్టి గోడవారన పెట్టి ఉన్నాయి.

"ఎక్కడికైనా వెళ్ళిపోతున్నారా చాచీ?" అని అడిగాను.

"యాడికి పోతం బేటా? బొంబై అంటడు ఒగదినం, కరాచీ అంటడు ఒగదినం. పొద్దుగాల కడతా, మాపటికి మళ్ల ఇప్పుతా. గిదే పరేషాన్."

ఆమె ఒక మూట ముడి విప్పడం మొదలుపెట్టింది. గట్టిగా బిగిసిపోయింది, వేళ్ళతో రాలేదు. నేనూ కూర్చుని మరో కొస పట్టుకున్నాను. ముందుగదిలో అన్నయ్య ఇంజను గురించి ఏదో అడుగుతున్నాడు, చాచా కోప్పడుతున్నాడు. ముడి వదులయ్యాక ఆమె నాలుగు కప్పులు బయటికి తీసి, కొంగుతో తుడిచి, పొయ్యి మీద చాయ్‌కి నీళ్ళు పెట్టింది.