ప్రచారానికి వెళ్ళిన బండి

నా పదవీ విరమణకు ముందటి సంవత్సరం మాఘమాసంలో, సెలవు మీద అనకాపల్లిలో ఉండగా, మా ఉద్యోగుల సంఘం నన్ను ఎన్నికల అధికారిగా నియమించింది. అప్పుడు నేను ఒక అంతర్జాతీయ సహాయ సంస్థలో రేడియో రూము సూపర్వైజరుని. అంతర్యుద్ధం సాగుతున్న దేశంలో మా కార్యాలయం. ఆవరణ దాటిన ప్రతి బండీ గంటకొకసారి రేడియోలో పిలిచి తానెక్కడుందో సంకేత పదాల్లో చెప్పాలి. దాన్ని చెక్ అంటాం. ఆ పిలుపులు అందుకోవడం, రాకపోతే చేయవలసింది చేయడం మా పని.

సంఘంలో డ్రైవర్లు, గోదాము సిబ్బంది, నర్సులు, ఆపరేటర్లు ఉంటారు. చాలా దేశాల వాళ్ళు. యాజమాన్యం ఒత్తిడి పడకూడదని ఎన్నికల అధికారిగా ఆ సమయంలో సెలవులో ఉన్నవారిని వేస్తారు. అధ్యక్ష పదవికి ఇద్దరే పోటీ పడ్డారు. ఒకరు లూయిస్, రాజధాని కార్యాలయంలో అకౌంట్స్ అధికారి, సంఘానికి అప్పటికే కార్యదర్శి. మరొకరు మా అనకాపల్లి దగ్గరి కె. కోటపాడు నుంచి వచ్చిన నూకరాజు. డ్రైవరుగా చేరి రవాణా సూపర్వైజరు అయ్యాడు. కాల్పులు మొదలైతే విదేశీ సిబ్బందిని విమానం ఎక్కించి, స్థానికంగా చేరినవాళ్ళను ఇళ్ళకు పొమ్మంటారు. అందరినీ తరలించాలన్నది అతని ఏకైక డిమాండు.

నూకరాజు నన్ను అక్కా అని పిలిచేవాడు. అతని భార్య సత్యవతి అనకాపల్లిలోనే గవరపాలెం వైపు అద్దెకుండేది. నా భర్త పోయిన తర్వాత నేను సెలవుకు వస్తే తోడుగా వచ్చి కూర్చునేది. నన్ను వదినా అనేది.

నూకరాజు ప్రచారానికి మా సిబ్బంది ఉండే మూడు మారుమూల క్యాంపులకు రోడ్డు మీద వెళ్తానన్నాడు. లూయిస్‌లాగా వీడియోలో మాట్లాడవచ్చు కదా అని ఫోనులో అడిగాను.

"ఆ క్యాంపుల్లో నెట్టు నేదక్కా. నా మొకం ఆగి ఆగి వత్తాది. ఓటడిగేవోణ్ణి, మనిసిని కనపడకపోతే ఎలాగ?" అన్నాడు.

చిక్కు ఇక్కడ వచ్చింది. సంఘం నియమావళి ప్రకారం, అభ్యర్థి ఎప్పుడు ఎక్కడ సభ పెడతాడో ముందుగా సభ్యులందరికీ తెలియజేయాలి. ఎదుటి అభ్యర్థి తన మనిషిని పంపుకోవడానికి ఆ ఏర్పాటు. భద్రతా నియమం దీనికి పూర్తిగా విరుద్ధం. బండి ఏ రోజు ఏ దారిన వెళ్తుందో రేడియో రూముకు, భద్రతా అధికారికి తప్ప ఎవరికీ తెలియకూడదు. ఆ దారిలో అంతకుముందు మా సరుకు లారీలను కాపు కాసి ఆపిన సంగతి నాకు తెలుసు. సభ్యులందరికీ పంపిన కబురు ఎవరెవరి ఫోన్లలోకి చేరుతుందో ఎవరూ చెప్పలేరు. ప్రకటిస్తే ప్రాణాపాయం. ప్రకటించకపోతే ఎన్నిక చెల్లదని ఫిర్యాదు వస్తుంది.

లూయిస్‌కు ఫోను చేశాను. ప్రకటన అక్కర్లేదని, కాని తన తరఫు మనిషి ఒకరు అదే బండిలో వెళ్ళాలని అన్నాడు. ఒప్పుకున్నాను. మర్నాడు తనే ఫోను చేసి, ఆ దారిలో వెళ్ళడానికి తనవాళ్ళెవరూ సిద్ధంగా లేరని, అందుకని తనే వెళ్తున్నానని చెప్పాడు. గొంతులో ఉత్సాహమేమీ లేదు.

ఈ ఏర్పాటు విని సత్యవతి తమ్ముడు అప్పలరాజు నవ్వాడు. "ఇద్దరు కేండిడేట్లూ ఒకే కారులోనా మేడం? మా ఊరి సర్పంచి ఎలక్షన్లో అయితే ఒకే కొట్లో టీ కూడా తాగరు. బావకి ఓట్లు అడగడం రాదు, బండి తోలడమే వచ్చు."

"నువ్వు నోరుముయ్యిరా," అంది సత్యవతి. తర్వాత నాతో, "ఆ పేరు కొట్టెయ్యండి వదినా. మీరే కదా ఆపీసరు. ఆయనకి సెప్పకుండా కొట్టెయ్యండి," అంది. అభ్యర్థి తనంతట తాను తప్పుకుంటే తప్ప పేరు తీసే అధికారం నాకు లేదని చెప్పాను.

బండి బయలుదేరిన రోజు ఉదయం ఆమె చిక్కుడుకాయలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఏ రోజో నేను చెప్పలేదు. నూకరాజూ చెప్పి ఉండడు. ఎలా తెలిసిందని నేనడగలేదు. ఎన్నికల అధికారిగా ప్రయాణ వివరాలు నా దగ్గర కూడా ఉన్నాయి కాబట్టి, రేడియో రూములో నా స్థానంలో ఉన్న ఆపరేటరు ప్రతి చెక్కూ నాకు ఫోనులో తెలియజేస్తున్నాడు. మొదటిది వేళకు వచ్చింది. రెండోది రాలేదు.

చెక్ రాకపోతే ఏం చేయాలో మాకు వరుస ఉంది. ముందు కొంతసేపు ఆగుతాం. కొండ అడ్డమొచ్చి ఉండవచ్చు. తర్వాత మేమే పిలుస్తాం. ఆ తర్వాత దారి పొడవునా ఉన్న క్యాంపులన్నిటి చేత పిలిపిస్తాం. అప్పటికీ పలకకపోతే చివరిసారి చెప్పిన చోటును భద్రతా అధికారికి అందిస్తాం. సంగతి ఖాయమయ్యే వరకు కుటుంబానికి చెప్పకూడదు. ఈ ఆఖరి నియమాన్ని నేను ఎంతోమంది ఆపరేటర్లకు నేర్పాను.

ఇప్పుడు ఆ కుటుంబం నా ఎదురుగా పీట మీద కూర్చుని ఈనెలు తీస్తోంది.

ఆపరేటరు ఒక్కొక్క మెట్టూ పూర్తవుతున్నట్టు తెలియజేస్తున్నాడు. ప్రతి మెట్టు తర్వాత ఇంకేం మిగిలిందో నాకు తెలుసు. లేచి నీళ్ళు తాగి వచ్చి మళ్ళీ ఫోను దగ్గర కూర్చున్నాను. నేను బయట దేశాల్లో పనిచేసిన ఏళ్ళలో నా భర్త ఇదే గదిలో ఫోను దగ్గర కూర్చునేవారు. అది ఎలా ఉండేదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

సత్యవతి చేతులు ఆగాయి.

"సెప్పనేకపోతన్నారా వదినా, సెప్పకూడదా?"

"చెప్పకూడదు," అన్నాను.

"అయితే ఏదో అయింది."

"బండి పలకడం లేదు. అంతే తెలుసు. అంతకంటే ఎవరికీ తెలియదు."

ఆమె ఏడవలేదు. పలకకపోతే ఏం చేస్తారని అడిగింది. వరుస అంతా చెప్పాను. ఇప్పుడు ఎందాకా వచ్చిందని అడిగింది. చివరి క్యాంపు పిలుస్తోందని చెప్పాను. తల ఊపి, నా పక్కకి పీట జరుపుకుని ఫోను వైపు చూస్తూ కూర్చుంది. పొయ్యి వెలిగించలేదు. మధ్యాహ్నం గడిచిపోయింది. అప్పలరాజు వచ్చి గుమ్మంలో నిలబడి, మా ముఖాలు చూసి, చెప్పులు విప్పి అక్కడే కూర్చున్నాడు.

ఎండ దిగుతుండగా ఆపరేటరు నుంచి కబురు వచ్చింది. బండి మొదటి క్యాంపుకు చేరింది. నూకరాజు, లూయిస్ ఇద్దరూ క్షేమం. దారికడ్డంగా దుంగలు వేసి సాయుధులు ఆపారు. రేడియో పీకేసుకుని, ఇద్దరినీ ఒక రేకుల షెడ్డులో కూర్చోబెట్టి, ఎవరి ఆజ్ఞ కోసమో ఎదురుచూసి వదిలేశారు.

సత్యవతి చిక్కుడుకాయలన్నీ కొంగులో పోసుకుని, వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

తర్వాత నూకరాజు ఫోనులో చెప్పాడు. "మీలో లీడరెవడని తుపాకీ పెట్టి అడిగేరక్కా. ఇద్దరం మాటాడనేదు. ఇంకా కౌంటింగు అవ్వనేదు గదా." నవ్వబోయాడు కాని నవ్వు పూర్తి కాలేదు.

మిగిలిన రెండు క్యాంపుల ప్రయాణాలను రద్దు చేశాను. ఇద్దరు అభ్యర్థులూ రేడియోలోనే, వంతులవారీగా మాట్లాడారు. దానిమీద లూయిస్ తరఫువాళ్ళ నుంచి వచ్చిన ఫిర్యాదులకు లూయిసే జవాబిచ్చాడు. ఎన్నికలో అతనే గెలిచాడు. స్థానిక సిబ్బంది తరలింపును యాజమాన్యంతో తన మొదటి సమావేశంలోనే ముందు పెట్టాడు. పూర్తిగా కాకపోయినా కొంతవరకు సాధించాడు. ఓడిపోయిన భర్త ఇక ఇంటికి వచ్చేస్తాడని సత్యవతి అనుకుంది. కాని నూకరాజు ఇంకొన్నాళ్ళు అక్కడే పనిచేశాడు. ఉద్యోగం మాని వచ్చాక కిందటేడు కె. కోటపాడులో గుండె జబ్బుతో పోయాడు.

సెలవు ముగిసి వెనక్కి వెళ్ళాక, కుటుంబం అడిగితే తెలిసినంత చెప్పాలని నియమం మార్చమన్నాను. భద్రతా విభాగం ఒప్పుకోలేదు. పుకార్లు పుడతాయన్నారు. అది నిజమే. నేను దిగిపోయే వరకు పాత నియమమే ఉంది. ఆ నియమం కుటుంబాన్ని భయం నుంచి కాపాడుతుందని అంతకుముందు అనుకునేదాన్ని. భయం ఎలాగూ ఆ ఇంటికి చేరుతుంది. నియమం వల్ల జరిగేది ఒకటే, దాన్ని వాళ్ళు ఎవరి తోడూ లేకుండా భరిస్తారు.