కొత్తగా వచ్చినదానికి వారం రోజులు

నలభై తొమ్మిదేళ్ల వయసులో తనకు ఒక సవతి వస్తుందనీ, అదీ గాజుపెట్టెలో కూర్చుని వస్తుందనీ యోగేశ్వరి కలలో కూడా అనుకోలేదు.

తెచ్చినవాడు భర్త కన్నబాబు. మలేసియాలో బంటింగ్ దగ్గర పామాయిల్ మిల్లులో ముప్ఫై ఏళ్లు పనిచేసి కిందటి ఏడాదే రిటైరయ్యాడు. తోటి పనివాడు సుగుమారన్ జొహోర్‌కు ఉద్యోగం మారుతూ, తను పెంచుకుంటున్న పైథాన్‌ను పెట్టెతోనూ పర్మిట్ కాగితాలతోనూ సహా ఇతనికి అప్పగించాడు. రెండు మూరలకు మించదు. విషం లేదు. గోధుమరంగు ఒంటి మీద పసుప్పచ్చ మచ్చలు. ఆడది. ఆ చివరి ముక్క సుగుమారన్ చెప్పకుండా ఉంటే యోగేశ్వరికి కొంత మనశ్శాంతి మిగిలేది.

పాములంటే ఆమెకు భయమేమీ లేదు. సుంగై సిపుట్‌లో రబ్బరు తోటలో పుట్టింది. చిన్నప్పుడు తండ్రి వెంట పాలు గీయడానికి వెళ్తూ, చెట్ల మొదళ్లలో ఎన్ని పాములను చూసిందో, ఎన్నిటిని తప్పుకుని నడిచిందో లెక్కలేదు. ఆమెకు ఒళ్లు మండింది పామును చూసి కాదు, మొగుణ్ణి చూసి.

పెట్టెను హాల్లో మూలకు చేర్చిన రోజునే కన్నబాబు ఇంట్లో శాసనం చేశాడు.

"దీనికిది కొత్త ఇల్లు. బయంగా ఉంటాది. ఒక వారం దాకా ఎవులూ ముట్టుకోకూడదు. పెట్టి దగ్గర గట్టిగా మాటాడకూడదు. అదే అలవాటు పడతాది."

ఎవులూ అంటే ఇంట్లో ఉన్నది యోగేశ్వరి ఒక్కతే. కూతురు తివ్య ఉద్యోగం క్లాంగ్‌లో, కాపురం కూడా అక్కడే. గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిన యోగేశ్వరికి ఇరవై ఏడేళ్ల కిందటి పొద్దు కళ్ల ముందుకొచ్చింది. ఆమె కూడా ఈ ఇంటికి కొత్తగానే వచ్చింది. పెళ్లయిన మర్నాడు తెల్లవారకుండానే అత్తగారు తలుపు కొట్టి లేపింది. పదకొండు మందికి దోసెలు, అక్కడి మాటలో తోసె, పోయాలి. ఏ గిన్నె ఎక్కడుందో తెలియదు, అడిగితే ఆడపడుచులు నవ్వారు. కన్నబాబు తలెత్తకుండా ఆరు తోసెలు తిని, చెయ్యి కడుక్కుని మిల్లుకు వెళ్లిపోయాడు. పిల్ల కొత్తది, భయంగా ఉంటుంది, వారం ఆగండి అని ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

ఇప్పుడు అదే మనిషి ఒక పాము కోసం ఇంట్లో మెల్లగా అడుగులేసి నడుస్తున్నాడు.

వారం గడిచాక మచ్చిక మొదలైంది. మిల్లులో తొడుక్కున్న పాత చొక్కా ఒకటి, ఉతకనిది, మడిచి పెట్టెలో ఒక మూల పెట్టాడు. వాసన తెలిస్తే మనిషి తెలుస్తాడట. రోజూ సాయంత్రం అయిదింటికి మూత తీసి అరచెయ్యి లోపల ఆనించి, కదలకుండా కూర్చునేవాడు. పైనుంచి పట్టుకుంటే గద్ద అనుకుంటుందట, అందుకని పక్కనుంచి పోవాలి. పిడికిలి బిగించకూడదు, బెదిరినప్పుడు తేరిపార చూడకూడదు, పొట్ట కింద చెయ్యి ఆసరా ఇవ్వాలి. మొదటి రోజు పది నిమిషాలే. తిన్నాక రెండు రోజులు దాన్ని కదపనే కూడదట. ఎంగిలి పళ్లెం ముందు నుంచి తీయకముందే టీ అని కేకేసే మనిషికి ఈ జ్ఞానమంతా ఎక్కడినుంచి వచ్చిందో యోగేశ్వరికి అంతుపట్టలేదు.

అన్నిటికంటే ఎక్కువ కోసింది పిలుపు. ఇరవై ఏడేళ్లుగా ఆమె అతనికి "ఇదిగో". క్లినిక్‌లో పేరు నమోదు చేయించాల్సి వస్తే తప్ప ఆమెకు పేరున్నట్టు అతనికి గుర్తు రాదు. పాముకు మాత్రం వచ్చిన పదో రోజునే పేరొచ్చింది. "రాయే బంగారీ, నానే" అని గుసగుసగా పిలుస్తుంటే, వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న యోగేశ్వరి కత్తిని పీటకేసి కొట్టింది. గట్టిగా చప్పుడు చెయ్యొద్దని హాల్లోంచి మెత్తగా మందలింపు వచ్చింది. అసూయ అంటే ఏమిటో ఆమెకు అంతవరకు తెలియదు. పక్కింటావిడ కొత్త కారు కొన్నా, తోటికోడలు నగలు చేయించుకున్నా చలించని మనిషి, రెండు మూరల పాము ముందు ఓడిపోయింది.

ఆ ఇంట్లో శుక్రవారం ఒక నియమం ఉంది. దీపం పెట్టకముందే మాసిన బట్టన్నది గడప లోపల ఉండకూడదు. అత్తగారు పెట్టిన నియమం. ఆవిడ పోయి తొమ్మిదేళ్లయినా యోగేశ్వరి ఒక్క శుక్రవారం తప్పలేదు. పాము వచ్చిన మూడో శుక్రవారం, కన్నబాబు కొట్టువైపు వెళ్లినప్పుడు, ఆ నియమం పేరు చెప్పుకునే పెట్టెలోంచి చొక్కా తీసి సబ్బునీళ్లలో నానబెట్టింది. బాగా ఉతికి, అతను వచ్చేలోపే ఇస్త్రీతో ఆరబెట్టి, ఎలా మడిచి ఉందో అలాగే మడిచి పెట్టేసింది. అక్కడితో ఆగి ఉంటే అత్తగారి మాట నిలబెట్టినట్టే అయ్యేది. ఆగలేదు. తను వారం తొడుక్కున్న పాత నైటీలో జానెడు ముక్క కత్తిరించి, పాము దాక్కునే కుండపెంకు కింద దూర్చింది. ఆ మాసిన ముక్కను లోపలికి పంపే నియమమేదీ అత్తగారు పెట్టలేదు.

యోగేశ్వరి ఒక క్యాంటీన్‌లో వంటపని చేస్తుంది; పొద్దుటి షిఫ్టు ముగించి రెండింటికల్లా బస్సులో ఇల్లు చేరేది. మూడింటికి కన్నబాబు పాత స్నేహితులతో టీకి వెళ్లేవాడు. ఆ గంట ఇక ఆమెది. చేతులకున్న కూరల, చేపల వాసన పోయేదాకా నిమ్మచెక్కతో రుద్ది కడుక్కుని మూత తీసేది. వంటింటి గుమ్మంలోంచి అన్నాళ్లూ చూసిన చదువు వృథా పోలేదు. పక్కనుంచి పోయింది. బిగించలేదు. నాలుగో రోజున పాము నాలుక ఆడిస్తూ వచ్చి ఆమె మణికట్టు మీదుగా పాకి, ముంజేతికి చుట్టుకుని పడుకుంది. దాని బరువు చేతి మీద చల్లగా, నిబ్బరంగా ఉంది. యోగేశ్వరికి గెలిచినంత సంతోషం వేసింది.

సాయంత్రం అయిదింటికి కన్నబాబు చెయ్యి పెట్టేసరికి అది ముడుచుకుని బంతి అయ్యేది. ఒకరోజు బుస్సుమంది కూడా. అతను వేళ్లు వాసన చూసుకున్నాడు, సబ్బు మార్చాడు, సుగుమారన్‌కు ఫోన్ చేశాడు. తప్పు ఎక్కడుందో తేలలేదు. యోగేశ్వరి ఉల్లిపాయలు సన్నగా, నెమ్మదిగా తరిగింది.

పది రోజులకు, ఒక ఆదివారం సాయంత్రం, అతను మూత వేసి అలాగే నేలమీద కూర్చుండిపోయాడు.

"ఇది నన్నొల్లనంటున్నాది. ఎవులికైనా ఇచ్చీడమే మంచిది" అన్నాడు.

అతని ముఖం చూసి జాలి పడాల్సింది. పడలేదు, ఇంకా మండింది. తను ఒకసారి అలిగి సుంగై సిపుట్ వెళ్లి నెల్లాళ్లుంటే ఈ ముఖం ఇలా వాడిందా? తిరుగు బస్సు ఎక్కడం మర్చిపోయిందేమో అన్నట్టు ఊరుకున్నాడు. ఆమె పట్టరాని ఉక్రోషంతో వెళ్లి మూత తీసి, చెయ్యి లోపల ఆనించింది. పెంకు కిందినుంచి పాము మెల్లగా వచ్చి, అలవాటైన దారిలాగా ముంజేతికి చుట్టుకుంది.

కన్నబాబు నోరు తెరిచాడు. పెంకు ఎత్తి చూశాడు. నీలం పువ్వుల గుడ్డముక్క బయటపడింది. ఆ నైటీ అతనికి తెలుసు.

"ఏటిది?"

"నాదే" అంది యోగేశ్వరి. "దీనికి వారం ఇచ్చినావు. నాను వచ్చినప్పుడు ఒక్క పూట ఇవ్వలేదు. నాకూ బయమేసింది, మావా. నువ్వు తోసె తిని ఎలిపోనావు."

అతను పెంకును మళ్లీ దాని చోట పెట్టాడు. ఆమె పామును లోపల దింపి మూత వేసి, వంటింట్లోకి వెళ్లి, చేతులు కడుక్కుని టీ కాచింది. కాచుతుంటే ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకున్నాకే రెండు గ్లాసులు పట్టుకుని వచ్చింది.

కన్నబాబు బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి బల్ల మీద వెల్లకిలా పెట్టి ఉంది, వేళ్లు వదులుగా. ఇదిగో అని పిలవలేదు. ఆమెకేసి చూడనూ లేదు. బెదిరినదాన్ని తేరిపార చూడకూడదని అతనే కదా చెప్పింది.

ఆమె గ్లాసు అతని ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని, తన టీ పూర్తిగా తాగింది. తొందరపడలేదు. అతని టీ మీద మీగడ కట్టింది. ఆ చెయ్యి కదల్లేదు.

చివరికి యోగేశ్వరి తన చెయ్యి తీసి దాని మీద పెట్టింది. ముప్ఫై ఏళ్ల మిల్లు పని కాయలు కాయించిన అరచెయ్యి. అతను బిగించలేదు; అది కింద ఆసరాగా ఉండిపోయింది. పెట్టెలో పాము పెంకు కిందికి పోయింది.

కొంతసేపటికి యోగేశ్వరి గోడ గడియారం చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మొదటి రోజు పది నిమిషాలే" అంది. "రేపు సూద్దాం."