మెరుగు పెట్టిన ముక్కలు

మా ఆయన జీతం తీసుకున్నది ఇనుమును విరగ్గొట్టడానికి. నిజం, ఎగతాళి కాదు. కంటికి కనపడని అణువుల మధ్య మొదలైన పగులు పెద్ద వంతెన దూలం దాకా ఎలా పాకుతుందో ముందే లెక్కగట్టి చెప్పే సూత్రం ఒకటి కనిపెట్టారు. ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరింది మొదలు అదే ధ్యాస. "గోరంతని కొండంత చెయ్యడానికి కూడా జీతమిస్తారా?" అని మా అక్క నవ్వేది. ఆయనా నవ్వేవారు.

ఉక్కు ముక్కని మిషన్లో బిగించి లాగే ముందు, గీత లేకుండా అద్దంలా మెరుగు పెట్టాలట. ఆ పని విద్యార్థుల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. సాయంత్రాలన్నీ దానికే. వేళ్ళ చివర చర్మం అరిగిపోయి పాలగిన్నె వేడి కూడా తెలిసేది కాదు. "నన్నూ ఒకసారి అంత పరీక్షగా చూడండి" అనేదాన్ని. వినపడితేగా!

రిటైర్మెంటు దగ్గరపడ్డాక, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి మెరుగు పెట్టని ముక్కల్ని లాగి చూసింది. బయట దూలాలకి మెరుగెవరు పెడతారు, అని. సూత్రం చెప్పినదానికంటే చాలా ముందే విరిగిపోయాయవి. తోటి ప్రొఫెసర్లు "ఆ పిల్లకి వేరే టాపిక్ ఇచ్చెయ్. ఇది బయటికొస్తే నీ పేరేం కావాలి?" అన్నారు. ఆయన తనే మళ్ళీ ముక్కలు చేయించి, లాగి చూసుకున్నారు. ఇంటికొచ్చి "ఆ పిల్లదే రైటు" అని అన్నం ముందు నుంచి లేచిపోయారు.

డిగ్రీకి ముందు అందరి ఎదుటా జరిగే ఆఖరి పరీక్షకి నేనూ వెళ్ళాను. "అయితే మీ ప్రొఫెసర్ గారి సూత్రం మాటేమిటి?" అని పరీక్షకుడు అడిగాడు. ఆ పిల్ల మా ఆయన వైపు చూసింది. ఆయనే లేచారు.

"చెప్పమ్మా. తప్పని చెప్పు. నేను మెరుగు పెట్టిన ముక్కలకే పనికొస్తుందని చెప్పు."

ఏడుస్తూనే చెప్పింది పాపం.

డిగ్రీ వచ్చింది, మంచి ఉద్యోగమూ వచ్చింది. ఈయన రిటైరయ్యారు. ఇప్పుడు ఫోన్ చేస్తూంటుంది, "మేడమ్, సార్ ఉన్నారా? నామీద కోపమా?" అని. పక్కనే కూర్చుని వద్దని చెయ్యి ఊపుతారు. "పడుకున్నారమ్మా" అంటాను, పట్టపగలు! ఓసారి నాకు ఒళ్ళుమండి, "అంతమందిలో అంత మంచితనం చూపించి, ఇప్పుడీ దొంగాటేమిటండీ?" అని అడిగేశాను.

"కోపం కాదే. ఆ పిల్ల గొంతు వింటే నాకు ఏడుపొస్తుంది. నేనేడిస్తే, తను తప్పు చేశాననుకుంటుంది."

ఫోన్ మోగితే ఇప్పటికీ పడుకున్నారనే చెప్తున్నాను.