ఇంజన్ల మాట వినే మనిషి

జర్కా ఊళ్లోని సైనిక వర్క్‌షాపులో ట్యాంకు ఇంజన్లు బాగుచేసే అబూ ఫవ్వాజ్ గుండెపోటు వచ్చి, స్టెంట్ వేయించుకుని, మూడు నెలల తర్వాత పనిలోకి వచ్చాడు. బరువులెత్తకూడదన్నారు డాక్టర్లు. సిగరెట్టు మానేసిన వేళ్లు ఊరుకోక మీసం చివర్లు మెలిపెడుతుండేవి. చక్కెర లేని టీ ముఖం చిట్లించుకుని తాగేవాడు. అందరూ గ్రీజులో మునిగి ఉంటే తాను కుర్చీలో కూర్చోవడం ఆయనకు సిగ్గు. మెడికల్ బోర్డు ఇక ఇంటికి పంపేస్తుందేమోనని బెంగ.

ఒకరోజు పొద్దున సార్జెంట్ ముత్లక్, రెండు రోజులుగా మొరాయిస్తున్న ఇంజన్‌ను మళ్లీ స్టార్ట్ చేశాడు. అబూ ఫవ్వాజ్ కళ్లు మూసుకుని విన్నాడు.

"ఆపరా నాయనా! డీజిల్ పంపు జోలికెళ్లకు. నాలుగో సిలిండర్‌కు డీజిల్ అందట్లేదు. దాని గొట్టం విప్పి చూడు."

గొట్టంలో మడ్డి పేరుకుని ఉంది. శుభ్రం చేసి బిగించాక ఇంజన్ సాఫీగా నడిచింది.

"ఏం చెవులయ్యా బాబూ! నా ప్రాణం తోడేసింది ఇది," అన్నాడు ముత్లక్.

గుమ్మంలో నిలబడి చూస్తున్న వర్క్‌షాపు అధికారి కెప్టెన్ రీమా లోపలికి వచ్చింది. "అబూ ఫవ్వాజ్, ఇకమీదట ఏ ఇంజనైనా మీరు విన్నాకే విప్పుతాం."

"మరి బోర్డు, మేడమ్?"

"మీరు లేకపోతే నాకు పని సాగదని రాసి పంపుతాను."

ఆయన కుర్చీ పక్క ఇంజన్ వైపు జరుపుకుని, "ముత్లక్, ఆ పక్కదాన్ని కూడా స్టార్ట్ చెయ్యి," అన్నాడు.