ఉప్పు పెట్టిన చెయ్యి

వడిసెల పెద్దమ్మ అంటే ఆ కొండల్లో తోడేళ్ళకీ దొంగలకీ కూడా హడలే. మనిషి చూస్తే పిడికెడు. రాయి పెట్టి వడిసెల తిప్పిందా, గురి తప్పడమన్నది లేదు. మొగుణ్ణి మందదొంగలు పొడిచి చంపిన రోజు కూడా ముందు చెదిరిన గొర్రెల్ని మళ్ళించి, ఆ తర్వాతే ఏడ్చిందట. రెండొందల గొర్రెలు, ఒక కూతురు, పచ్చికను బట్టి మారే గుడారం. అదీ ఆవిడ సంసారం.

గొర్రెలకు సూదులు వెయ్యడానికి వచ్చి, పశువుల ఆసుపత్రి కాంపౌండరు ఆ గుడారంలో మకాం పెట్టాడు. మంచివాడే, కాకపోతే మంచితనం ఎక్కడ చూపించాలో తెలియని బాపతు.

"అబ్బాయ్, ఆ గంట కట్టిన పొట్టేలుంది చూడు, దాన్ని మాత్రం మచ్చిక చెయ్యకు" అని పెద్దమ్మ మొదటిరోజే చెప్పింది. "అదెటు పోతే మందంతా అటే. నా చేతి ఉప్పు తప్ప ఇంకో చెయ్యి ఎరగదది."

దాని తల్లి చస్తే పెద్దమ్మే ఒళ్ళో పెట్టుకుని పాలు పట్టి పెంచిందిలెండి. కాంపౌండరు వింటేగా! ఓసారి కుమ్మిందని, మంచి చేసుకోవడానికి చాటుగా రోజూ గుప్పెడు ఉప్పు పెట్టాడు. పది రోజులు తిరిగేసరికి ఎవరు చెయ్యి చాపినా పరుగెత్తుకొచ్చేది.

ఒక ఉదయం పెద్దమ్మ వాగుకి వెళ్ళినప్పుడు ముగ్గురు దొంగలు దిగారు. ఒకడు ఉప్పు చూపించాడు. పొట్టేలు వాడి వెంట కదిలింది, దాని వెనకే మందంతా. అడ్డం వెళ్ళిన కూతురి తల కర్రదెబ్బకి పగిలింది. కాంపౌండరు కొయ్యబారిపోయాడు.

కేకలు విని పెద్దమ్మ పరుగెత్తుకొచ్చింది. మొదటి రాయికి ఒకడి దవడ విరిగింది. రెండోవాడు ఇనపకడ్డీతో ఆవిడ ఎడమచెయ్యి విరగ్గొట్టాడు. ఉప్పు పట్టుకున్నవాడు అప్పటికే గట్టు అంచుకి చేరాడు, అది దాటితే మంద ఇక దక్కదు. ఆవిడ పళ్ళతో వడిసెల పట్టి రాయి పెట్టుకుంది. దొంగకే అనుకున్నాడు కాంపౌండరు. ఆ రాయి పొట్టేలు కణత చీల్చింది.

మంద ఎక్కడిదక్కడ నిలిచిపోయింది. పక్క గుడారాల కుక్కలు మీద పడుతుంటే దొంగలు పారిపోయారు. ఇంకా కొట్టుకుంటున్న పొట్టేలుని పెద్దమ్మ మోకాలితో అదిమి కత్తితో గొంతు కోసింది. "నా తండ్రీ, నా చేతుల్తోనే పోయావురా!" అని కొండ దద్దరిల్లేలా ఏడ్చింది.

కూతురి తలకి కట్టు కట్టి, కాంపౌండరు ఆవిడ దగ్గరికి వచ్చాడు. "పెద్దమ్మా, దానికి ఉప్పు అలవాటు చేసింది నేనే."

నెత్తుటి చెయ్యి అతని చెంప ఛెళ్ళుమనిపించింది.

"ఇంకా ఎన్నిటికి వెయ్యాలి సూదులు?"

"నలభైకి. ముందు నీ చెయ్యి కట్టనీ పెద్దమ్మా."

"నా చెయ్యి ముట్టుకున్నావంటే చంపేస్తాను. సూదులేసి దిగిపో. మళ్ళీ రాకు."

నలభై గొర్రెల్నీ ఆవిడే ఒంటిచేత్తో పట్టుకుంది. అతను సూదులు వేశాడు.