సాంచాల ఊళ్లో రాత్రి ఫోటో

లచ్చయ్య ఆసామితో ఫోటోలు తీసే కైలాసం పెట్టుకున్న తగాదా నేను కళ్లారా చూశాను. అప్పట్లో నేను లచ్చయ్య మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టేదాన్ని. ఎదురుగా బాలకిషన్‌రావు దొర కొత్త ఇల్లు కట్టి, గృహప్రవేశానికి గోడలన్నీ రంగు బల్బులతో నింపాడు. రాత్రిపూట ఇల్లు మొత్తం ఒక్క ఫోటోలో రావాలని కైలాసానికి చెప్పాడు. అంత ఇల్లు పట్టాలంటే మా షెడ్డు డాబా ఎక్కాల్సిందే. ఎక్కాడు, మూడుకాళ్ల స్టాండు వేశాడు, తీశాడు. ఎన్ని తీసినా బల్బు బల్బులా రాలేదు, నలిపిన పువ్వులా వచ్చింది.

కిందికి దిగి, "మామా, జర రెండు నిమిషాలు సాంచాలు ఆపు" అన్నాడు. మా సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటాం. ఆ షెడ్డులో పన్నెండు ఉండేవి.

"నీ చెయ్యి వణికితె నా సాంచాల మీద పెడుతున్నవా?" అన్నాడు లచ్చయ్య. "దొర మనుమని కెమెరాల మంచిగొస్తున్నయట. పోయి అది అడుక్కో."

కైలాసం నా నీళ్ల గ్లాసు నన్ను అడగకుండానే తీసుకుని, లచ్చయ్య రెక్క పట్టుకుని డాబా మీదికి లాక్కుపోయాడు. నేనూ వెనకే ఎక్కాను. గ్లాసును స్టాండు కాలి పక్కన పెట్టాడు. నీళ్లు ఒకటే వణుకు.

"చూడు మామా. నీళ్లే నిలుస్తలెవ్వు, నా స్టాండెట్ల నిలుస్తది? చీకట్ల కెమెరా నాలుగు సెకన్లు కన్ను తెరుచుకోని ఉంటది. ఆ నాలుగు సెకన్లు నువ్వు దాన్ని ఉయ్యాల ఊపుతున్నవు."

"ఆపితె బట్టల గీత పడుతది. గా గీతకు నువ్వు జవాబిస్తవా?"

"సాలోళ్ల ఇంట్ల పుట్టినోనికి చెప్తున్నవా? పన్నెండేండ్లకే సాంచ నడిపిన. నేనే ఆపుత, నేనే నడుపుత. గీత పడితె నా కెమెరా నీది."

ఒక్కొక్కదాన్నీ చేత్తో అదను చూసి ఆపాడు. పెళ్లై ఆ వాడకు వచ్చాక అంత నిశ్శబ్దం నేను ఎరగను, చెవులు నొప్పి పుట్టాయి. ఫోటో తీసి వచ్చి మళ్లీ నడిపించాడు. లచ్చయ్య బట్టను ట్యూబులైటు కింద పట్టి ఎంత వెతికినా గీత దొరకలేదు. ఫోటోలో మాత్రం బల్బులు ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకోవచ్చు. లచ్చయ్య వాడికి చాయ్ చెప్పాడు. ఆ ముసలాయన ఇంకొకరికి చాయ్ చెప్పడం నేను మళ్లీ చూడలేదు.

ఆ కైలాసమే తర్వాత మా ఇంటి పైగదిలో కిరాయికి దిగాడు, భార్య గంగుబాయితో. ఆమెది ఆదిలాబాద్ వైపు. వాళ్లు దిగి పదహారేళ్లయింది. కైలాసం సాంచాల దుమ్మూ చప్పుడూ పడలేక పాతికేళ్లకే కెమెరా పట్టినవాడు. పగటి ఫోటో ఎవరైనా తీస్తారు, రాత్రి ఫోటోయే పనితనం అంటాడు. చుక్కల కోసం జైనూర్ గుట్టలకూ, బొగ్గుబాయి దీపాల కోసం నస్పూర్‌కూ బస్సుల్లో తిరిగాడు.

నేను అడిగినా అడగకపోయినా పాఠాలు చెప్పేవాడు. తేలిక స్టాండు గాలికి నిలవదట, అందుకని దాని నడుమ కొక్కానికి కండెల సంచి వేలాడదీస్తాడు. వేలితో నొక్కితే కెమెరా కదులుతుందట. రెండు సెకన్లాగి అదే తీసుకునేలా పెట్టి, బడిలో శిక్ష పడ్డవాడిలా చేతులు కట్టుకుని నిలబడతాడు. వణుకును సరిచేసే మీట ఒకటి కెమెరాలో ఉంటుందట. స్టాండు మీద దాన్ని ఆపేయాలి, లేకపోతే లేని వణుకును వెతికి వెతికి అదే పుట్టిస్తుందట. అది విన్నప్పుడు నాకు మా పెద్దాడబిడ్డ గుర్తొచ్చింది. కటిక చీకటి దాకా ఆగకూడదట కూడా. పొద్దుగూకాక ఆకాశం నీలంగా ఉండే ఆ ఇరవై నిమిషాలే మంచి అదను.

ఇప్పుడు అందరి జేబుల్లోనూ ఫోన్లే. పెళ్లిళ్లకు వాణ్ని పిలవడం మానేశారు. మిగిలింది సద్దుల బతుకమ్మ ఒక్కటే. ఆ రాత్రి మానేరు ఒడ్డున ఆడవాళ్లు, పూలు, దీపాలు అన్నీ కలిపి తీసిన ఫోటో ఏటేటా మా నేత సంఘం భవనంలో పెడతారు. పదకొండేళ్ల ఫోటోలూ కైలాసానివే. అది కూడా పోతే వాణ్ని ఫోటో కైలాసం అని పిలవడానికి ఏమీ మిగలదు. అరవై ఏళ్లకు మళ్లీ సాంచా దగ్గర నిలబడాలి.

ఈసారి సంఘం కార్యదర్శిగా కొత్తగా వచ్చిన ఓంప్రకాశ్ పండుగకు నాలుగు రోజుల ముందు మా గడపలోకి వచ్చాడు. "కాకా, రేపటికి ఒక్క రాత్రి ఫోటో తీసి చూపియ్యి. సాఫ్‌గ ఉంటె సద్దులు నీకే. లేకుంటె దీపిక స్టూడియోకు చెప్తం. ఏమనుకోకు."

"పదకొండేండ్లు మీ సంఘం కండ్లు మూసుకోని ఫోటోలు పెట్టుకున్నదారా?" అన్నాను. నవ్వి పోయాడు.

ఆ సాయంత్రమే కైలాసం మా డాబా మీద స్టాండు వేశాడు. మోకాళ్లు పట్టుకుని నేనూ ఎక్కాను. వీధి దీపాలను ఫోటో తీసి కెమెరా వెనక తెర నాకు చూపించాడు. దీపాలన్నీ దూదిపింజలు.

"ఈ సాంచాలతోని సస్తున్న అక్కా" అన్నాడు.

"ఏ సాంచాలయ్యా? ఆర్డర్లు లేక వారం సంది వాడంత బంద్ ఉన్నది. ఈగ ఎగిరితె ఇనొస్తున్నది."

వాడు అప్పుడు విన్నాడు, ఆ నిశ్శబ్దాన్ని. పిట్టగోడకు ఆనుకుని కూలబడ్డాడు. నేనూ పక్కనే చతికిలబడ్డాను.

"షుగరు కండ్లకు దిగింది" అన్నాడు. "కరీంనగర్ డాక్టరు, పోయిన చూపు రాదన్నడు. కెమెరాను ఆటో ఫోకస్ మీద పెడితె చీకట్ల దానికి ఏదీ దొరకది. దూరపు దీపాన్ని తెర మీద పెద్దగ చేసి, అది సన్న చుక్క అయ్యేదాంక రింగు తిప్పాలె. నాకు ఎంత తిప్పినా చుక్క అయితలేదు."

"గంగుబాయికి ఎరుకేనా?"

"ఎరుకే. ఏది చూపిచ్చినా మంచిగొచ్చింది అంటది."

వీధిలో ఒక ఆటో పోయింది. వాడు లేచి మళ్లీ దీపం వైపు కెమెరా తిప్పి, నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"నీకు పోయినేడు శుక్లం తీసి కంట్ల అద్దమేసిండ్రు గద. నేను తిప్పుత, నువ్వు చూడు. సన్నగయితె సన్నగయిందను, మసకుంటె మసకున్నదను. సద్దుల నాడు మానేరుకు కూడ రా, నా పక్కన నిలబడు. నా మొకం చూసి మాత్రం చెప్పకక్కా. మంచిగున్నదనెటోళ్లు నాకు ఇంట్లనే ఉన్నరు. నాతోని ఇగ కాదని నీకు ఎన్నడు అనిపిస్తె ఆ దినం గదే నోటితోని చెప్పు, ఓంప్రకాశ్ చెప్పకముందే."